టర్బో కారుకు కూలెంట్: డబ్బా రంగు చూసి కొనకండి

ఎండలు ముదిరే కొద్దీ మా సెల్లార్ పార్కింగ్‌లో నన్ను ఆపి అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. "మేడం, మా బండికి ఎర్ర కూలెంట్ మంచిదా, పచ్చదా?" నేను మెకానిక్‌ని కాను. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ ల్యాబ్‌లో కూలింగ్ టవర్ల నీళ్ళు, బాయిలర్ నీళ్ళు పరీక్షించడం నా ఉద్యోగం. నీళ్ళు లోహాన్ని ఏం చేస్తాయో రోజూ చూసే పని కాబట్టి రేడియేటర్ సంగతులు కూడా నా దగ్గరికే వస్తాయి. నాకూ ఇష్టమే. ఇంజన్ ఆయిల్ గురించి గంటలు మాట్లాడేవాళ్ళు కూడా కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి పోసేయ్" అంటారు. ఆ "ఏదో ఒకటి" వల్ల పోయేవి టర్బో (ఇంజన్ పొగతో తిరిగి ఇంజన్‌లోకి ఎక్కువ గాలి నెట్టే భాగం), సిలిండర్ హెడ్, వాటర్ పంప్. అన్నీ ఖరీదైనవే.

రంగు సంగతి ముందే తేల్చేస్తాను. కూలెంట్ రంగు తయారీదారు కలిపిన అద్దకం, అంతే. లీకైతే కనపడాలని, తాగే నీళ్ళు కావని తెలియాలని కలుపుతారు. ఏ రంగులో ఏ రసాయనం ఉండాలో కంపెనీలన్నిటినీ కట్టిపడేసే నియమం ఏదీ లేదు. ఫోక్స్‌వ్యాగన్ వాళ్ళ కూలెంట్లే చూడండి. జి12 ప్లస్, జి12 ప్లస్ ప్లస్, జి13, మూడూ ఊదా రంగులోనే వచ్చాయి. మొదటిదాంట్లో సిలికేట్ (తుప్పు ఆపే ఒక రసాయనం) లేదు, రెండోదాంట్లో ఉంది, మూడోదాంట్లో గ్లైకాల్‌లో (కూలెంట్‌లో నీళ్ళతో కలిసే అసలు ద్రవం) కొంత భాగం తీసేసి గ్లిసరిన్ కలిపారు. ఒకే కంపెనీలోనే ఇలా ఉంటే, వేర్వేరు కంపెనీల ఎరుపునీ ఆకుపచ్చనీ పోల్చి ఏం తెలుసుకుంటాం?

మా ఇంట్లోనే రెండు టర్బో కార్లున్నాయి. నాది 2016 పోలో జీటీ, 1.2 లీటర్ టీఎస్ఐ. తమ్ముడిది హ్యుందాయ్ 1.0 లీటర్ టర్బో పెట్రోల్. రెండూ అల్యూమినియం ఇంజన్లే, పక్కపక్కనే నిలబడతాయి. పోయిన వేసవిలో నా కారుకు కూలెంట్ మార్చాక డబ్బాలో కొంత మిగిలింది. తమ్ముడు చూశాడు.

"అక్కా, సగం డబ్బా ఉంది గదా. నా బండిల పోసేస్త. మళ్ళ కొనుడెందుకు?"

"వద్దురా. ముందు నీ కారు పుస్తకం తియ్యి."

గ్లవ్ బాక్స్‌లోంచి తీశాడు, ఇంకా ప్లాస్టిక్ కవర్లోనే ఉంది. కూలెంట్ పేజీలో చాలా స్పష్టంగా రాశారు: ఇంజన్‌లో అల్యూమినియం భాగాలున్నాయి కాబట్టి ఫాస్ఫేట్ ఉన్న ఇథిలీన్ గ్లైకాల్ కూలెంటే వాడాలి, గాఢత 35 శాతం కంటే తగ్గకూడదు, 60 శాతం దాటకూడదు. నా చేతిలో ఉన్న డబ్బా జి13 స్పెసిఫికేషన్‌ది. అందులో రక్షణంతా సిలికేట్, ఆర్గానిక్ యాసిడ్ల మీద నడుస్తుంది. ఫాస్ఫేట్ లేదు. పోసిన రోజే ఇంజన్ ఆగిపోదు. రెండు పద్ధతుల రసాయనాలు కలిసి, ఏ ఒక్కటీ పూర్తి మోతాదులో లేకుండా, ఐదేళ్ళు రావాల్సిన కూలెంట్ ఎన్నాళ్ళు పనిచేస్తుందో ఎవరూ చెప్పలేని స్థితికి వస్తుంది. కొన్ని జతలు కలిస్తే జిగురులా చిక్కబడిపోతాయి కూడా.

ఈ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే ఎంపిక చాలా తేలికవుతుంది. యూరప్‌లో చాలాచోట్ల నీళ్ళల్లో కాల్షియం ఎక్కువ. ఫాస్ఫేట్ ఆ కాల్షియంతో కలిస్తే తెల్లటి గారలా అడుక్కి చేరుతుంది. అందుకని అక్కడి కంపెనీలు చాలాకాలం ఫాస్ఫేట్ జోలికి పోకుండా సిలికేట్ మీద ఆధారపడ్డాయి. జపాన్, కొరియా కంపెనీలు సిలికేట్ వల్ల వాటర్ పంప్ సీళ్ళు అరిగిపోతాయని దాన్ని తీసేసి, ఫాస్ఫేట్‌కు ఆర్గానిక్ యాసిడ్లు జోడించాయి. టొయోటా పింక్, హోండా నీలం ఈ కోవవే. రెండు పద్ధతులూ మంచివే. ఏ ఇంజన్‌ను ఏ పద్ధతితో పరీక్షించి రోడ్డు మీదికి వదిలారో ఆ పద్ధతికే కట్టుబడి ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

సిలికేట్, ఫాస్ఫేట్ రెండూ అల్యూమినియం మీద త్వరగా సన్నటి పొర కడతాయి. ఆర్గానిక్ యాసిడ్లు నిదానం, కానీ తుప్పు మొదలయ్యే చోటే పనిచేస్తాయి కాబట్టి ఎక్కువ కాలం ఉంటాయి. పాతకాలం ఆకుపచ్చ కూలెంట్లో మొదటి రకం మాత్రమే ఉండేది, అందుకే రెండేళ్ళకే మార్చాల్సి వచ్చేది. ఇప్పటి కూలెంట్లలో చాలావాటిలో రెండూ కలిపి ఉంటాయి.

ఇక టర్బో దగ్గరికి వద్దాం. పెట్రోల్ టర్బోలోకి వచ్చే పొగ వేడి 900 డిగ్రీలు దాటుతుంది. షాఫ్ట్ నిమిషానికి 2,00,000 చుట్ల దాకా తిరుగుతుంది. ఆ షాఫ్ట్‌ను మోసే బేరింగ్ చుట్టూ ఆయిల్ పారుతుంది, దాని పక్కనే కూలెంట్ పారే సన్నటి గదులుంటాయి. ఇంజన్ నడుస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు. ఆపాకే అసలు పరీక్ష. పంపు ఆగుతుంది, ఆయిల్ కదలదు, టర్బైన్ వైపు ఇనుములో దాచుకున్న వేడంతా నెమ్మదిగా బేరింగ్ వైపు నడుస్తుంది. అప్పుడు ఆ వేడిని లాక్కెళ్ళడానికి అక్కడున్నది కూలెంటే. వేడెక్కిన కూలెంట్ తేలికై పైకి పోతుంది, చల్లటిది కిందినుంచి వచ్చి చేరుతుంది. కొన్ని కార్లలో దీనికోసం ప్రత్యేకంగా ఎలక్ట్రిక్ పంపు పెట్టారు. నా పోలోలో అలాంటిదే ఉంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో కూర్చున్న ఇంటర్‌కూలర్‌నీ టర్బోనీ కలిపి చల్లబరిచే సర్క్యూట్ అది. మే నెలలో శంషాబాద్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద వేగంగా వచ్చి సెల్లార్‌లో ఆపితే, తాళం తీసేశాక కూడా బానెట్ కింద సన్నగా జుయ్‌మని వినిపిస్తుంది. కొత్తగా కొన్నవాళ్ళు కంగారుపడతారు. అది మంచి శబ్దం.

కూలెంట్ లెవెల్ తగ్గి ఉన్నా, ఆ సన్నటి దారిలో ఏదైనా పేరుకున్నా బేరింగ్‌లో ఆయిల్ మాడి బొగ్గవుతుంది. టర్బో పోయిందంటే అందరూ ఆయిల్‌నే అనుమానిస్తారు. సగం కథ కూలెంట్‌లో ఉంటుంది.

నా ఉద్యోగానికి దగ్గరైన విషయం ఇక్కడే వస్తుంది, కొంచెం ఆగి చెబుతాను. ఉప్పు, పంచదార లాంటివి నీళ్ళు వేడెక్కే కొద్దీ ఎక్కువ కరుగుతాయని మనకు తెలుసు. కాల్షియం కార్బొనేట్ దీనికి ఉల్టా. నీళ్ళు వేడెక్కే కొద్దీ దాని కరుగుదల తగ్గుతుంది. గీజర్ కాయిల్ మీద తెల్లగా కట్టేది అందుకే, పైపు మీద కాదు. అంటే ఇంజన్‌లో ఎక్కడ అన్నిటికంటే వేడిగా ఉంటుందో అక్కడే ముందు గార కడుతుంది: ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టూ, టర్బో బేరింగ్ గదిలో. ఆ గోడల మీద కూలెంట్ చిన్న చిన్న బుడగలుగా మరుగుతుంది కూడా, బుడగ లేచిపోయిన ప్రతిచోటా కరిగి ఉన్న లవణం కొంచెం మిగిలిపోతుంది. ఆ గార అల్యూమినియంతో పోలిస్తే దాదాపు వందో వంతు వేడినే బయటికి పోనిస్తుంది. పలచటి పొర చాలు, వెనకున్న లోహం వేడి పెరిగిపోవడానికి. మామూలు ఇంజన్‌లో ఐదారేళ్ళు పట్టే నష్టం టర్బోలో ముందే కనపడేది ఇందువల్లే.

అందుకని కూలెంట్ ఎంపికలో సగం పని అందులో కలిపే నీళ్ళది. హైదరాబాద్‌లో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. మంజీరా, కృష్ణా, గోదావరి నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో కూడా వాడకానికి బోరే దిక్కు. తాగే నీళ్ళల్లో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకపోతే మంచిదని, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఓర్చుకోవచ్చని మన బీఐఎస్ ప్రమాణం చెబుతుంది. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్ళల్లో టీడీఎస్ మీటర్ ముంచితే 900 పైన చూపించింది. సెల్లార్లో కార్లు కడిగే పిల్లలు రేడియేటర్ టాప్‌అప్ చేసేది ఈ నీళ్ళతోనే.

ఒకసారి ల్యాబ్‌లో ఖాళీ దొరికితే రెండు బీకర్లు పెట్టాను. తమ్ముడి కారుకు కొన్న ఫాస్ఫేట్ కూలెంట్ కాన్సంట్రేట్‌నే (ఇంకా నీళ్ళు కలపని చిక్కటి కూలెంట్) రెండిట్లోనూ పోశాను. ఒకదాంట్లో మా బోరు నీళ్ళు, ఇంకోదాంట్లో డీఎం నీళ్ళు (లవణాలు తీసేసిన, డీమినరలైజ్డ్ నీళ్ళు), సగం సగం. మూతలు పెట్టి 90 డిగ్రీల ఓవెన్‌లో ఉంచి ఇంటికొచ్చేశాను. పొద్దున తీసి చూస్తే డీఎం నీళ్ళ బీకర్ వెనక పెట్టిన కాగితం మీద అక్షరాలు చక్కగా చదవొచ్చు. బోరు నీళ్ళ బీకర్లో ద్రవమంతా మసకబారింది, అడుగున తెల్లటి మడ్డి చేరింది. గాజు కడ్డీతో కదిపితే పొగలా లేచి మళ్ళీ దిగింది. అది కాల్షియం ఫాస్ఫేట్. గార కన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. అల్యూమినియాన్ని కాపాడాల్సిన ఫాస్ఫేట్ అంతమేరకు కూలెంట్‌లోంచి బయటికి పోయింది. ఆ ఫొటో తీసి తమ్ముడికి పంపాను. అప్పటినుంచి కూలెంట్ మీద వాడితో నాకు వాదన లేదు.

ఆర్వో నీళ్ళు సరిపోతాయా అని చాలామంది అడుగుతారు. బోరు నీళ్ళకంటే చాలా నయం. అయితే తాగే ఆర్వోలో రుచికోసం కొంత లవణం ఉంచుతారు, కొన్ని మెషిన్లు మళ్ళీ ఖనిజాలు కలుపుతాయి. ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి పెట్టుకునే అలవాటు మన ఊళ్ళో ఇన్వర్టర్ల పుణ్యమా అని బాగా ఉంది. అందులో కాయిల్ మీది దుమ్ము, లోహం కలుస్తాయి, నేనైతే ఇంజన్లో పోయను. బ్యాటరీ షాపుల్లో డీఎం నీళ్ళు, డిస్టిల్డ్ నీళ్ళు అని ఐదు లీటర్ల డబ్బాలు దొరుకుతాయి, చవకే. సీలున్నది చూసి కొనండి, పక్కనే ఉండే బ్యాటరీ యాసిడ్ డబ్బా మాత్రం కాదని రెండుసార్లు చూసుకోండి. ఇంటికొచ్చి టీడీఎస్ మీటర్ ముంచితే ఒకట్ల స్థానంలోనే ఉండాలి. ఆ మీటర్ని కూలెంట్‌లో ముంచి భయపడకండి. కూలెంట్‌లో కావాలని కలిపిన రసాయనాలే దాన్ని పరుగెత్తిస్తాయి, ఆ అంకెకు అర్థం లేదు.

ఇంత తలనొప్పి ఎందుకు, మన ఊళ్ళో మంచు పడదు కదా, ఉత్త డీఎం నీళ్ళు పోస్తే సరిపోదా అని ఒకాయన అడిగారు. ప్రశ్న సరైనదే. గ్లైకాల్ కూలెంట్లు పుట్టింది చలిదేశాల్లో, నీళ్ళు గడ్డకట్టి బ్లాక్ పగలకుండా. నిజానికి వేడిని మోయడంలో నీటిని మించింది లేదు. కిలో నీటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజౌళ్ళు పడితే, సగం సగం మిశ్రమానికి సుమారు 3.5 చాలు. అంటే మిశ్రమం తక్కువ వేడినే మోస్తుంది. అయినా ఉత్త నీళ్ళు వద్దంటాను, రెండు కారణాలతో. ఒకటి మరుగు. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ మూత లేని గిన్నెలో నీళ్ళు 98 డిగ్రీలకే మరుగుతాయి. ప్రెషర్ కుక్కర్లోలాగే రేడియేటర్ మూత ఒత్తిడి పెంచి మరుగును వెనక్కి నెడుతుంది. 1.1 బార్ మూత ఉంటే ఉత్త నీళ్ళు 120 డిగ్రీలు దాటాక, సగం సగం మిశ్రమం 130కి దగ్గర్లో మరుగుతాయి. ఆ కొద్ది డిగ్రీల తేడా ఔటర్ దిగి వెంటనే ఇంజన్ ఆపినప్పుడు టర్బో లోపల అక్కరకొస్తుంది. రెండోది, నా లెక్కలో పెద్దది: తుప్పు ఆపే మందులన్నీ గ్లైకాల్‌తోపాటే వస్తాయి. గ్లైకాల్ తగ్గిస్తే మందు తగ్గినట్టే.

అందుకే గాఢత ముఖ్యం. మన బజార్లో చాలా డబ్బాల మీద ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళు కలపమని ఉంటుంది. అలా కలిపితే గ్లైకాల్ 25 శాతం. టర్బో కారుకు అది చాలదు. ఎక్కువైతే ఇంకా మంచిదనుకుని కాన్సంట్రేట్ అలాగే పోసేవాళ్ళూ ఉన్నారు, అదీ తప్పే. శుద్ధ గ్లైకాల్ వేడిని సరిగా మోయదు, చిక్కగా ఉండి పంపును ఇబ్బంది పెడుతుంది. సగం సగం పెట్టుకుంటే కంపెనీ పుస్తకంతో సరిపోతుంది, లెక్క కూడా తేలిక. నా దగ్గర గాఢత చూసే చిన్న రిఫ్రాక్టోమీటర్ ఉంది, గాజు మీద ఒక చుక్క వేసి వెలుతురు వైపు చూస్తే నీలం గీత ఎక్కడుందో కనపడుతుంది. కూలెంట్ ఎన్ని డిగ్రీల దగ్గర గడ్డకడుతుందో ఆ గీత చెబుతుంది, మైనస్ 37 దగ్గర ఉంటే సగం సగం అన్నట్టు. హైదరాబాద్‌కి ఆ చలి ఏనాడూ రాదు, మనకు కావాల్సింది ఆ అంకె చెప్పే గాఢత.

కొనేటప్పుడు ఏం చూడాలి? రాణీగంజ్‌లో ఒక షాపుకి వెళ్ళాను. అన్న చాలా మంచివాడు, అడిగింది అడిగినట్టు తీసి చూపించాడు.

"మేడం, గ్రీన్ ఉంది, రెడ్ ఉంది, బ్లూ గూడ ఉంది. ఏ కలర్ ఇయ్యమంటరు?"

"కలర్ తర్వాత అన్నా. డబ్బా వెనక్కి తిప్పు, కోడ్ చూస్తాను."

వెనక చదవాల్సినవి కొన్నే. మొదట మీ కారు పుస్తకంలో రాసిన కంపెనీ స్పెసిఫికేషన్. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా అయితే టీఎల్ 774, దాని పక్కన అక్షరం: జి12 ప్లస్ ప్లస్‌కి జి, జి13కి జె, కొత్త జి12 ఈవోకి ఎల్. హ్యుందాయ్, కియా అయితే ఫాస్ఫేట్ రకమని ఉండాలి. ఆ తర్వాత జేఐఎస్ కే 2234, ఏఎస్‌టీఎమ్ డీ 3306, మన ఐఎస్ 5759 లాంటి ప్రమాణాలు. ఇవి కనీస అర్హత, వీటితో ఒక్కటే సరిపెట్టుకోకూడదు. ఒక డబ్బా మీద "అన్ని కార్లకూ, అన్ని రంగులకూ" అని పెద్ద అక్షరాలతో ఉంది, వెనకంతా వెతికినా ఒక్క కోడ్ లేదు. ఇంకోదాని మీద "టర్బో స్పెషల్" అని మంటల బొమ్మ. టర్బో కోసం వేరే రసాయనమంటూ ఏదీ లేదు. మీ టర్బో ఇంజన్‌ను తయారుచేసినవాళ్ళు చెప్పిన కోడే దానికి స్పెషల్. ఏం తీసుకోవాలో తేలకపోతే కంపెనీ పార్ట్స్ కౌంటర్లో దొరికేది తీసుకోండి, కొంచెం ఖరీదైనా లెక్కలోకి రాదు, ఐదారు లీటర్లు కొన్నేళ్ళకోసారి కదా. మూత సీలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబర్ చూసుకోండి.

అసలు నీళ్ళే లేని కూలెంట్లని కొన్ని వస్తున్నాయి. మరుగు చాలా ఎక్కువ, నిజమే, కానీ వేడిని మోసే శక్తి తక్కువ, పాతది ఒక్క చుక్క మిగలకుండా తీయాలి. రోజూ మెహదీపట్నం, గచ్చిబౌలి మధ్య నడిచే కారుకు నేను సిఫారసు చేయను.

మార్చేటప్పుడు ఒక లెక్క చాలామంది మెకానిక్‌లు వేసుకోరు. రేడియేటర్ కింద ప్లగ్ తీస్తే మొత్తం దిగదు. ఇంజన్ బ్లాక్‌లో, హీటర్‌లో చాలా మిగులుతుంది. ఆరు లీటర్ల సిస్టమ్ అనుకుందాం. నీళ్ళతో ఫ్లష్ చేసి దించాక లోపల రెండున్నర లీటర్లు ఉత్త నీళ్ళు మిగిలాయనుకోండి. ఇప్పుడు సగం సగం కలిపి తెచ్చిన రెడీమేడ్ కూలెంట్ మూడున్నర లీటర్లు పోస్తే గ్లైకాల్ లీటరు ముప్పావు మాత్రమే, అంటే ముప్పై శాతం లోపు. అదే కాన్సంట్రేట్ మూడు లీటర్లు, డీఎం నీళ్ళు అర లీటరు పోస్తే సరిగ్గా సగం. ఫ్లష్ చేసే నీళ్ళు కూడా డీఎం అయితేనే ఈ శ్రమకు ఫలితం. గొట్టం పెట్టి బోరు నీళ్ళతో కడిగితే ఆ రెండున్నర లీటర్లూ లోపలే ఉండిపోతాయి. మా మెకానిక్ అన్నతో కాగితం మీద ఈ లెక్క వేసి చూపించాను. "గిది నిజమే మేడం, మేం డైరెక్ట్ పోస్తుంటిమి" అని అప్పటికప్పుడు పిల్లవాణ్ణి డీఎం డబ్బాలకు పంపించాడు. మంచి పనివాళ్ళతో ఇదే సుఖం, కారణం చెబితే చేసేస్తారు.

పోశాక గాలి తీయడం చాలా ముఖ్యం. టర్బో గదుల్లో గాలి బుడగ ఇరుక్కుంటే కొత్త కూలెంట్ ఉన్నా లేనట్టే. హీటర్ ఫుల్ వేడి మీద పెట్టి, బ్లీడ్ స్క్రూ ఉంటే వదులు చేసి, ఫ్యాన్ తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపాలి. కొన్ని కార్లకు వ్యాక్యూమ్ మెషిన్‌తో నింపాలని సర్వీస్ పుస్తకంలోనే ఉంటుంది, అది లేని గ్యారేజీలో చేయించకండి. ఒక రాత్రి చల్లారాక పొద్దున లెవెల్ మళ్ళీ చూడాలి.

దించిన పాత కూలెంట్‌ను డ్రైనేజీలోకో, సెల్లార్ నేల మీదికో వదలకండి. ఈ ఒక్క విషయంలో నేను కఠినంగా ఉంటాను. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం. వీధి కుక్కలు, పిల్లులు నాకుతాయి, కిడ్నీలు పోయి చచ్చిపోతాయి. పిల్లలకూ అంతే ప్రమాదం. మిగిలిన కూలెంట్‌ను కూల్‌డ్రింక్ సీసాలో పోసి కిచెన్ బాల్కనీలో పెట్టిన ఇళ్ళు చూశాను. దాని డబ్బాలోనే ఉంచి, పిల్లల చేతికి అందని చోట పెట్టండి. ఎవరైనా మింగితే లక్షణాలకోసం చూడకుండా ఆ డబ్బా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, దీనికి విరుగుడు మందు ఉంది, అది త్వరగా పడాలి.

లెవెల్ పదే పదే తగ్గుతుంటే పోసుకుంటూ పోవడం మందు కాదు. మూత మూసిన సిస్టమ్‌లోంచి నెలనెలా తగ్గుతోందంటే ఎక్కడికో పోతోందనే అర్థం. హోస్ క్లాంపుల దగ్గర, టర్బోకి వెళ్ళే సన్నటి పైపుల జాయింట్ల దగ్గర ఎండిపోయిన తెల్లటి పొడి, రంగు మరక ఉందేమో టార్చ్ వేసి చూడండి. ఏసీ వేసినప్పుడు లోపల తియ్యటి వాసన వస్తే హీటర్ కోర్. ఆయిల్ మూత కింద గోధుమ రంగు నురగ ఉంటే, తెల్లటి పొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గాస్కెట్‌ను (సిలిండర్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు) అనుమానించాలి. మా బ్లాక్‌లో ఒకాయన కారుకు ప్రతి సర్వీసులో నీళ్ళే కలిపి పంపించారు. ట్యాంకు మూత తీస్తే కూలెంట్ తుప్పు రంగులో ఉంది. పీహెచ్ పట్టీ ముంచితే 6 దగ్గర ఆగింది. మంచి కూలెంట్ ఎప్పుడూ క్షార వైపే, ఏడున్నర పైనే ఉండాలి. గ్లైకాల్ పాతబడే కొద్దీ ఆమ్లంగా మారుతుంది, దాన్ని అదుపులో పెట్టే మందు అయిపోతే ఆ ఆమ్లం అల్యూమినియాన్ని తినడం మొదలుపెడుతుంది. ఆయనకు రేడియేటర్ మార్చాల్సి వచ్చింది, టర్బో దక్కింది.

దారిలో ఏమైనా జరిగితే? మొన్న మేలో తమ్ముడు శ్రీశైలం వెళ్తూ మన్ననూరు దాటాక ఫోన్ చేశాడు. టెంపరేచర్ గుర్తు ఎర్రగా వెలిగింది, ఒక క్లాంప్ వదులై కూలెంట్ కారిపోతోంది. "అక్కా, మూత తీసి నీళ్ళు పోయాల్నా?" "ముట్టుకోకు. ఇంజన్ ఆపి నీడలో నిలబడు. పై హోస్‌ను పట్టుకోగలిగేంత చల్లారాక, గుడ్డ వేసి కొంచెం కొంచెం తిప్పు." ముప్పావు గంట ఆగాడు. క్లాంప్ బిగించి, వెంట ఉన్న మినరల్ వాటర్ సీసాలు రెండు పోశాడు. అడవిలో డీఎం నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి? ఇంజన్ ఎండిపోవడంకంటే ఏ నీళ్ళైనా నయం, సాధ్యమైనంత త్వరగా దించేసి సరిచేసుకుంటే చాలు. ఘాట్ నెమ్మదిగా దిగి, పని చూసుకుని, క్షేమంగా తిరిగొచ్చాడు. వచ్చిన రోజు సాయంత్రం సెల్లార్‌లో ఒక చుక్క తీసి రిఫ్రాక్టోమీటర్ గాజు మీద వేశాను. గీత మైనస్ 20 దగ్గర ఉంది, అంటే గ్లైకాల్ 35 శాతానికి జారింది, వాడి పుస్తకం చెప్పిన కనీస హద్దు. ఆ ఆదివారమే ఫాస్ఫేట్ కాన్సంట్రేట్ డబ్బా, పది లీటర్ల డీఎం నీళ్ళు పట్టుకుని మెకానిక్ అన్న దగ్గరికి వెళ్ళాం.